గుండీలు లేని చొక్కా



కూడు, గుడ్డ, గూడు. మనిషికి ముఖ్యంగా కావలసినవి ఈ మూడేనని పెద్దలంటారు. సంక్షేమ హాస్టల్ మనకు ఈ మూడూ ఇచ్చింది. కూడు గురించి వార్షికోత్సవ సంచికల్లో ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఉప్మా మీద జోకులు, గుడ్డు మీద కవితలు మనకు కొత్త కాదు. గూడు గురించీ రాస్తారు. గుడ్డ గురించి మాత్రం ఎవరూ రాయరు. చదువుకునే పిల్లలు బట్టల మాటెత్తితే సోకులంటారని భయం. ఈసారి ఆ భయాన్ని పక్కన పెట్టి చొక్కా గురించి, అందులోనూ చొక్కా చేతి అంచు గురించి రాస్తున్నాం. ఇంత చిన్న విషయానికి ఇన్ని పేజీలా అని నవ్వకండి. చివరిదాకా చదివి, అప్పటికీ నవ్వు వస్తే నవ్వండి.

మేమంటే ఎవరం? సింహాద్రిపురం మండలం పల్లెల్లో పుట్టి, హాస్టల్లో ఉండి పదో తరగతి గట్టెక్కి, ప్రొద్దుటూరులో డిగ్రీ చేసి, ఇప్పుడు కడపలో ఎం.కాం. చదువుతున్న నలుగురం. వయసు 23. నాలుగు ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే. మా నాయనలు చీనీ తోటల్లో పాదులు తీసినవాళ్ళు, మా అమ్మలు బుడ్డలు పీకే కూలికి పోయినవాళ్ళు. ఇంగ్లీషు ఎలా మాట్లాడాలో చెప్పేవాళ్ళు మా ఇళ్ళలో లేరు. ఉద్యోగానికి పోయేటప్పుడు చొక్కా ఎలా వేసుకోవాలో చెప్పేవాళ్ళూ లేరు. మొదటిది లోటని మాకు ముందే తెలుసు. రెండోది కూడా లోటేనని పోయిన డిసెంబరులో తెలిసింది.

జరిగింది చెబుతాం. బెంగళూరులో ఒక కంపెనీ నుంచి అకౌంట్స్ ఉద్యోగానికి మాలో ఇద్దరికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. కాగితం అడుగున ‘ఫార్మల్ దుస్తుల్లో రావాలి’ అని ఉంది. అంటే సరిగ్గా ఏమిటని మేము ఎవరినీ అడగలేదు. అడిగితే నామోషీ అనుకున్నాం. ఇద్దరిలో ఒకతని దగ్గర కాలేజీకి వేసుకునే నీలం గళ్ళ చొక్కా ఉంది. రెండో అతని దగ్గర ఉన్న మంచి చొక్కా కాలరు చిరిగిపోయింది. అంతకుముందే ఒక పెద్దమనిషి మంచి మనసుతో తన పాత బట్టలు ఒక సంచి నిండా మాకు ఇచ్చి ఉన్నారు. అందులో ఒక తెల్ల చొక్కా దొరికింది. గుడ్డ వెన్నలాగా ఉంది. తొడిగితే భుజాలు సరిపోయాయి. చేతులు మాత్రం వేళ్ళ దాకా వస్తున్నాయి. పైగా మణికట్టు దగ్గర గుండీలు లేవు. కాజాలు చేతికి నాలుగేసి ఉన్నాయి.

గుండీలు ఊడిపోయాయనుకున్నాం. ఊడిపోతే నాలుగు కాజాలెందుకు ఉంటాయని మేము నలుగురం, ఎం.కాం. చదివేవాళ్ళం, ఒక్క క్షణం ఆలోచించలేదు. చేతులు లోపలికి మడిచి రెండు పిన్నీసులు పెట్టాం. పిన్నీసులు కనిపించకుండా పైన స్వెటరు తొడిగించాం. స్వెటరు రోడ్డు పక్కన 250 రూపాయలకు కొన్నది. రాత్రి పులివెందులలో బస్సెక్కి కదిరి మీదుగా తెల్లారేసరికి ఇద్దరూ బెంగళూరులో దిగారు. ఆ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంటుంది, డిసెంబరులో చలి బాగా ఉంటుంది. కాబట్టి స్వెటరు వేసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరని ధైర్యం.

ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నాక లోపలి మడత విడిపోయింది. కుడి చేతి వైపు గుడ్డంతా స్వెటరు అంచు దగ్గర ముద్దగా చేరింది. ఎడమ చేతి వైపు అరచేతి సగం దాకా జారి, పిన్నీసుతో సహా బయటికి వేలాడింది. తరుగుదల లెక్కగట్టే పద్ధతులు చెప్పమని అడిగారు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు మావాడు. ఒక పద్ధతి చెప్పి, చెయ్యి బల్ల కిందికి దాచుకుని, రెండోది మరిచిపోయాడు. ఎదుటివాళ్ళు ఒక్క మాట అనలేదు, నవ్వలేదు. ఒకాయన చూపు పిన్నీసు మీద పడి, వెంటనే పక్కకు పోయింది. అంతే.

ఇద్దరికీ ఉద్యోగం రాలేదు. గళ్ళ చొక్కా అతనికీ రాలేదు. కాబట్టి చొక్కా వల్లే ఉద్యోగం పోయిందని మేము అనం. అది అబద్ధమవుతుంది. కానీ తేడా ఒకటి ఉంది. గళ్ళ చొక్కా అతను బయటికి వచ్చి, “జి.ఎస్.టి. మీద ఎక్కువ అడిగినారబ్బా, అది గట్టిగా చదవాల” అన్నాడు. రెండో అతను బయటికి వచ్చి, “పిన్నీసు కనపడినట్లుందిరా” అన్నాడు. ఏమేం ప్రశ్నలు అడిగారో అతనికి గుర్తే లేదు. ఫిబ్రవరిలో ఇంకో చోటి నుంచి పిలుపు వస్తే, జ్వరమని చెప్పి పోలేదు. జ్వరం లేదని మాకు తెలుసు.

మేము ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ లేని జ్వరమే.

తర్వాత ఆ చొక్కాను ప్రొద్దుటూరులో ఒక దర్జీ దగ్గరికి తీసుకెళ్ళాం. బంగారానికీ బట్టల వ్యాపారానికీ రెండో బొంబాయి అని పేరున్న ఊరు గదా, అక్కడ తెలియని చొక్కా ఉండదనుకున్నాం. ఆ పెద్దాయన చేతిలోకి తీసుకుని నవ్వాడు. “గుండీలు ఊడిపోయినాయని ఎవురు చెప్పినారు నాయనా? దీనికి గుండీలు కుట్టరు. ఇది లింకుల చొక్కా. బయట నుంచి తెచ్చి తగిలించుకోవాల” అన్నాడు. అప్పుడు మాకు అర్థమైంది. దాన్ని ఫ్రెంచ్ కఫ్ అంటారు. మామూలు చొక్కాకు కఫ్ ఒకే పొర. ఒక అంచు ఇంకో అంచు మీదికి వచ్చి గుండీ పడుతుంది. ఫ్రెంచ్ కఫ్‌ను రెట్టింపు పొడవుతో కుడతారు. దాన్ని లోపలికి కాదు, బయటికి వెనక్కి మడవాలి. మడిస్తే రెండు పొరలవుతుంది. అంచులు రెండూ పక్కపక్కన చేర్చితే నాలుగు కాజాలు ఒకే వరుసలోకి వస్తాయి. వాటిలోంచి కఫ్‌లింక్ అనే చిన్న గొళ్ళెం దూర్చుతారు. అంతే రహస్యం! ఇది తెలియకనే ఒక పిల్లవాడు ఇరవై నిమిషాలు చెయ్యి దాచుకుని కూర్చున్నాడు.

మరి స్వెటరు కింద అది ఎందుకు నిలవలేదు? దర్జీ అదీ చెప్పాడు. ఈ కఫ్ కోటు కోసం పుట్టింది. కోటు చెయ్యి వెడల్పుగా, అంచు దగ్గర వదులుగా ఉంటుంది. రెండు పొరల కఫ్ అందులో హాయిగా కూర్చుని, అర అంగుళం మేర బయటికి కనిపిస్తుంది. స్వెటరు అలా కాదు. చలి దూరకుండా దాని మణికట్టు దగ్గర సాగే అల్లిక ఉంటుంది. అది చేతిని పట్టేస్తుంది. రెండు పొరల గుడ్డ, దాని మీద లోహపు లింకు ఆ పట్టు కింద ఇమడవు. ఇమిడించితే బుడిపెలాగా లేస్తుంది. లింకు అంచు ఉన్నికి తగులుకుని దారం లాగుతుంది. తప్పదనుకుంటే పలుచటి, చేతులు వదులుగా ఉన్న స్వెటరు వేసుకుని, లోహపు లింకు బదులు దారపు ముడి లింకు పెట్టుకోవచ్చు. లేదా హాయిగా మామూలు గుండీల చొక్కా వేసుకోవచ్చు. స్వెటరు కింద గుండీల కఫ్ వేసుకోవాలన్నది దొరల చట్టం కాదు, గుడ్డ మందానికి సంబంధించిన మామూలు లెక్క. తెలిస్తే ఎవరైనా చేయగలరు. తెలియకపోతే ఎం.కాం. వాళ్ళకైనా పిన్నీసే దిక్కు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. చిన్నప్పుడు దర్జీ దగ్గర మన అమ్మలు ఏమనేవాళ్ళు? “పిల్లోడు పెరుగుతాడు, చేతులు రెండంగుళాలు ఎక్కువ పెట్టబ్బా” అనేవాళ్ళు. జూన్‌లో కొత్త చొక్కా వేసుకుంటే చేతులు వేళ్ళు దాటేవి. రెండు మడతలు పైకి మడిచి బడికి పోయేవాళ్ళం. మరుసటి ఏడు ఒక మడత విప్పేవాళ్ళం. ఆ పైఏడు రెండోది. కఫ్‌ను బయటికి మడవడం మనకు తెలియని విద్య కాదు. దొరలు సోకు కోసం మడిచారు, మన అమ్మలు మూడేళ్ళు రావాలని మడిపించారు. సోకు మడతకు పేరుంది, అమ్మ మడతకు పేరు లేదు. అంతే తేడా.

కొందరు మిత్రులు మమ్మల్ని అడిగారు: “మన సింహాద్రిపురంలో స్వెటరెందుకు? ఎండాకాలం 42 డిగ్రీలు కాసే ఊళ్ళో కఫ్‌ల గొడవెందుకు?” నిజమే. మన దగ్గర చలి సంక్రాంతి ముందు నాలుగు వారాలు. దానికి తలకు తువ్వాలు చుట్టుకుంటే చాలు. కానీ మన చదువులు మనల్ని ఊళ్ళోనే ఉంచడం లేదు. బెంగళూరు చలిలోకి, హైదరాబాదు ఏ.సి. గదుల్లోకి పంపుతున్నాయి. మే నెలలో కూడా చలిపెట్టే గదులవి. అక్కడికి పోయేవాళ్ళకు అక్కడి గుడ్డ సంగతి తెలియాలి గదా!

ఇంకొందరు పెద్దవాళ్ళు వేరే మాట అన్నారు: “గాంధీగారు చొక్కానే విడిచేశారు. మీరు చొక్కా చేతి మడతల దగ్గర ఆగిపోయారా?” గాంధీగారు 1921 సెప్టెంబరు 22న మదురైలో చొక్కా, టోపీ విడిచి కొల్లాయి కట్టిన మాట నిజమే. అది గొప్ప త్యాగమే. కానీ త్యాగం చేయడానికి ముందు ఆ వస్తువు మనదై ఉండాలి. మన తాతలు ఊరి పెద్దల ముందు కండువా భుజం మీద నుంచి తీసి చంకలో పెట్టుకున్నవాళ్ళు, చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్ళు. వాళ్ళను ఎవరూ త్యాగమూర్తులు అనలేదు. తిరువాంకూరులో నాడార్ స్త్రీలు పైవస్త్రం కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడితే, 1859లో మహారాజు ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. బట్ట చిన్న విషయమైతే దాన్ని ఆపడానికి అంత పట్టుదల ఎందుకు?

డాక్టర్ అంబేద్కర్ ఈ సంగతి ఎవరికన్నా బాగా ఎరిగినవారు. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళిన నాటి నుంచి కోటు, టై ఆయన గుర్తులైపోయాయి. మన ఊరి కూడలిలో చూసినా, 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహాన్ని చూసినా ఆయన కోటుతోనే ఉంటారు. 1927 డిసెంబరులో మహద్ సభలో స్త్రీలతో మాట్లాడుతూ, అంటరానితనానికి గుర్తుగా మిగిలిన పాత చీరకట్టును, బరువైన నగలను వదిలేయమని చెప్పారు. కట్టుబొట్టు చూసి మనిషిని తూకం వేసే లోకంలో ఆ తూకపు రాయి మన చేతిలోకి తీసుకోవాలని ఆయన ఉద్దేశం.

అయితే ఇదే అంబేద్కర్ జీవితంలో ఇంకో సంగతి ఉంది. దాన్ని చెప్పకపోతే మా వ్యాసం సగం నిజమే అవుతుంది. 1901లో, పిల్లవాడుగా ఉన్నప్పుడు, తండ్రిని చూడటానికి అన్నతోనూ అక్క కొడుకుతోనూ కలిసి గోరేగావ్ బయలుదేరారు. ఆ ప్రయాణం కోసం ఇంట్లో కొత్త చొక్కాలు, కొత్త చెప్పులు, పట్టు అంచు పంచెలు కొనిపెట్టారు. రైలు దిగాక స్టేషన్ మాస్టరు వాళ్ళ బట్టలు చూసి బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు, ప్రేమగా పలకరించాడు. మహర్లమని చెప్పగానే అతని ముఖం మారిపోయింది, వెనక్కి జరిగాడు. ఆ రాత్రి ఆ పిల్లలకు దారిలో తాగడానికి నీళ్ళు దొరకలేదు. చొక్కా అదే, పిల్లలు వాళ్ళే. అంబేద్కర్ ఈ అనుభవాన్ని తన జ్ఞాపకాల్లో స్వయంగా రాసుకున్నారు.

దీన్నిబట్టి మేము గ్రహించింది ఇది. మంచి చొక్కా కులాన్ని పోగొట్టదు. అలా పోగొడుతుందని చెప్పేవాళ్ళను నమ్మకండి, అప్పు చేసి వేల రూపాయల చొక్కా కొనకండి. గొప్పలకు పోతే తిప్పలు తప్పవు. కానీ చొక్కా చేయగలిగిన మేలు ఒకటుంది. మన ధ్యాసను మనకు వదిలేయగలదు. ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు మన బుద్ధి ప్రశ్న మీద ఉండాలి, మణికట్టు మీద కాదు. వేసుకున్నాక మరిచిపోగలిగిందే మంచి చొక్కా. ఆ లెక్కన నీలం గళ్ళ చొక్కా మంచిది, వెన్నలాంటి తెల్ల చొక్కా చెడ్డది. అది ఎంత ఖరీదుదైనా సరే.

డబ్బున్న ఇళ్ళ పిల్లలకు ఈ మరుపు పుట్టుకతో వస్తుంది. వాళ్ళ నాయనో, మామో పక్కన నిలబడి కాలరు సరిచేస్తారు. మనం దాన్ని నేర్చుకోవాలి. నేర్చుకోవడం అంటే లొంగిపోవడం కాదు. బ్యాలెన్స్ షీటు నేర్చుకున్నాం, కంప్యూటర్ నేర్చుకున్నాం. ఇదీ అలాంటిదే. ఇంకో మాట. ఆ కఫ్‌లు కుట్టేది ఎవరు? మన వైపు నుంచి బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీలకు పోయి మిషన్ల ముందు కూర్చున్న అక్కలే. మన పులివెందులలోనే 2021 డిసెంబరులో ఆదిత్య బిర్లా ఫ్యాషన్ సంస్థ దుస్తుల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. లూయీ ఫిలిప్, వాన్ హ్యూసెన్, ఆలెన్ సాలీ, పీటర్ ఇంగ్లండ్ చొక్కాలు ఆ గ్రూపువే. అక్క కుట్టిన చొక్కా తమ్ముడికి వేసుకోవడం తెలియకపోతే, అది తమ్ముడి తప్పు కాదు. కానీ అలాగే వదిలేస్తే మాత్రం మనందరి తప్పు.

అందుకని ఈ వార్షికోత్సవ వేదిక మీద మేము కొన్ని కోరికలు పెడుతున్నాం.

మొదటిది, ఒక ఉమ్మడి పెట్టె. మనకు ట్రంకు పెట్టెలు కొత్త కాదు. ఒక పెద్ద పెట్టెలో 38, 40, 42 సైజుల్లో తెల్లవి, లేత నీలం చొక్కాలు కొన్ని, ముదురు రంగు ప్యాంట్లు, బెల్టు, రెండు మూడు జతల నల్ల బూట్లు, ముందు మెడ కోసిన సాదా స్వెటర్లు రెండు పెట్టాలి. అన్నీ మామూలు గుండీల కఫ్‌లవే. ఇంటర్వ్యూకు పోయేవాళ్ళు తీసుకుపోవాలి, ఉతికి ఇస్త్రీ చేసి తిరిగి పెట్టాలి. ‘అరువు సొమ్ము బరువు చేటు’ అని సామెత. కానీ ఇది అరువు కాదు, అందరిదీ. 1925లో షోలాపూర్‌లో అంబేద్కర్ గారి బహిష్కృత హితకారిణి సభ మన పిల్లల కోసం హాస్టల్ తెరిచినప్పుడు అక్కడా జరిగింది ఇదే. ఒక్కో ఇంటికీ భరించలేనిది నలుగురూ కలిస్తే భరించవచ్చు. హాస్టల్ అనే మాటకు అర్థమే అది.

రెండోది, పూర్వ విద్యార్థి అన్నలకు. మీరు పాత బట్టలు ఇస్తే కాదనం. ఇచ్చేటప్పుడు ఒక్క నిమిషం నిలబడి, ఇది ఎలా వేసుకోవాలో చెప్పి ఇవ్వండి. ఆ పెద్దమనిషి మీద మాకు కోపం లేదు, ఆయన ఇచ్చింది చాలా మంచి చొక్కా. దానితో పాటు మాట ఇచ్చి ఉంటే మావాడికి లేని జ్వరం వచ్చేది కాదు.

మూడోది, ఏడాదికి ఒక ఆదివారం ఊళ్ళోని దర్జీని పిలిపిద్దాం. కొలత ఎలా తీసుకోవాలి, గుండీ ఎలా కుట్టుకోవాలి, కాలరు ఎలా తిప్పి కుట్టించాలి, కఫ్ ఎంత దాకా రావాలి అన్నవి ఒక పూటలో చెప్పేస్తాడు. చెల్లెళ్ళకు ఏం కావాలో చెల్లెళ్ళే చెప్పాలి. మేము చెబితే అది మళ్ళీ పిన్నీసు పనే అవుతుంది.

నాలుగోది, ఒకరి బట్టలు చూసి ఒకరు నవ్వడం మానేద్దాం. బయటివాళ్ళ చూపులకు మనం ఏమీ చేయలేకపోవచ్చు. హాస్టల్ గదిలో మన నవ్వు మన చేతిలోనే ఉంది. ఆ రోజు ‘ఫార్మల్ అంటే ఏమిటి’ అని అడగడానికి మేము భయపడింది కంపెనీకి కాదు, పక్క గదిలో నవ్వుతారని.

చివరగా ఒక చిట్కా చెప్పి సెలవు తీసుకుంటాం. ఎప్పుడైనా మీకూ ఇలాంటి గుండీలు లేని చొక్కా దొరికితే పారేయకండి. రెండు మామూలు గుండీలు తీసుకుని వెన్నుకు వెన్ను పెట్టి, మధ్యలో కాస్త వదులుగా దారం వదిలి, ఆ దారాన్నే చుట్టి గట్టి చేసి కుట్టండి. అదే లింకు. ఖర్చు రెండు రూపాయలు. లేదా దర్జీకిస్తే మడత భాగం కత్తిరించి మామూలు కఫ్‌గా మార్చి గుండీ వేసిస్తాడు. మా తెల్ల చొక్కాకు అదే చేయించాం. నలభై రూపాయలు తీసుకున్నాడు. ఇప్పుడది స్వెటరు కింద కూడా చక్కగా కూర్చుంటుంది. మావాడికి వచ్చే నెలలో ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఈసారి పోతానన్నాడు. ఏం చొక్కా వేసుకుంటావని అడిగితే, “ఏదో ఒకటి. ముందు జి.ఎస్.టి. చదవనీండ్రా” అన్నాడు.

ఆ మాట విన్నాకే ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాం. ఆ తెల్ల చొక్కాను ఉమ్మడి పెట్టెకు మా మొదటి చొక్కాగా ఇస్తున్నాం, అతని ఇంటర్వ్యూ అయిపోగానే. రెండో చొక్కా ఎవరిది? చదివినవాళ్ళు చెప్పాలి.

— హాస్టల్ పూర్వ విద్యార్థులు, ఎం.కాం. రెండో సంవత్సరం